తోలు తొండం

జలపాతం అనే మాట నేను బళ్ళో నేర్చుకున్నాను. మా ఇంట్లో ఆ మాట లేదు. మా దిక్కు నీళ్ళు పైనుంచి దూకవు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్ల దారిలో మీరు బస్సులో పోయి ఉంటే చూసే ఉంటారు. నల్లరేగడి చేన్లు, నడుమ నడుమ ఎవరో తెచ్చి కుప్ప పోసినట్టు గుండ్లు, పేరుకు వంకలు. కర్నూలు జిల్లాకు ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల వాన అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ సగటు మా పడమటి మండలాల్లో చానా ఏండ్లు కాగితం మీదనే ఉంటుంది. ఎండాకాలంలో మాయమ్మ వంకలో ఇసుక తోడి, చెలమ చేసి, ముంతతో ఊరిన నీళ్ళు ఊరినట్టు కడవకెత్తేది. ఒక కడవ నిండేసరికి పొద్దు నెత్తిమీదికి వచ్చేది.

కానీ నేను ఎనిమిదేండ్లప్పుడే ఒక జలపాతం చూసినాను. అది కపిల బావి మీద చూసినాను.

కపిల చూడని పిల్లలకు చెప్తాను. బావి గట్టున రెండు దూలాలు నిలబెట్టి గిలక కడతారు. మోకు ఒక కొన ఎద్దుల కాడికి, ఇంకో కొన బానకు. ఎద్దులు ఏటవాలు బారి కిందికి దిగితే బాన పైకి వస్తుంది. బాన ఇనుముది. దాని అడుగున ఏనుగు తొండం మాదిరి తోలు తొండం ఉంటుంది. తొండం కొనకు వేరే సన్నతాడు కట్టి ఉంటుంది. నీళ్ళతో పైకి వచ్చేటప్పుడు తొండం పైకి మడిచి ఉంటుంది కాబట్టి చుక్క కారదు. గట్టుకు రాగానే సన్నతాడు తొండాన్ని ముందుకు లాగుతుంది, నీళ్ళన్నీ ఒక్కసారి తొట్టిలోకి దుమికి తెల్లగా పగులుతాయి. ఆ చప్పుడు రెండు చేన్ల అవతలికి వినపడేది.

ఆ తొండం మా నాయన కుట్టేవాడు. మా జేజినాయన కాలంలో బాన కూడా తోలుదేనంట, ఇనుప బానలు వచ్చినాక మాకు తొండం పని మిగిలింది. చచ్చిన ఎద్దును మోసుకొచ్చేది మేము, చర్మం తీసేది మేము, సున్నంలో నానేసి, తంగేడు చెక్క దంచి లందలో ఊరబెట్టేది మేము. లంద వాసన మా బట్టల్లో, మా సంగటిలో, మా పుస్తకాల్లో ఉండేది. బళ్ళో నా పక్కన ఎవరూ కూచునేవాళ్ళు కాదు. ఆరె, రంపె పట్టుకొని నాయన మాదిగేరిలో చెట్టుకింద కూచుంటే రెండు మూడు దినాలకు ఒక తొండం తయారయ్యేది. దానికి ఆసాములు దుడ్లు ఇచ్చేది లేదు. కళ్ళం కాడ మేర. ఏడాదంతా తొండాలకు, వారలకు, చెప్పులకు కలిపి ఎన్ని శేర్లు పెట్టాలో ఆసామి చెయ్యి చెప్పేది.

ఇప్పుడు ఆలోచించండి. ఊర్లో ప్రతి చేనుకు పారిన నీరు మా నాయన కుట్టిన తోలులోంచి పారింది. మా నాయన మాత్రం ఆ బావి మెట్టు దిగకూడదు. దప్పికయితే దూరంగా కూచొని దోసిలి పట్టాలి. ఎవరో ఒకరు పైనుంచి, చెయ్యి తగలకుండా, ముంతతో పోయాలి. పోసేవాళ్ళు వచ్చినప్పుడు దప్పిక తీరుతుంది.

1969 ఎండాకాలంలో నాయన ఒక ఆసామి బావికి కొత్త తొండం బిగించడానికి పోతూ నన్ను వెంట తీసుకుపోయినాడు. తొండం బిగించి నాయన పక్కకు జరిగినాడు. ఎద్దులు బారి దిగినాయి. నీళ్ళు దూకినాయి. నేను అంత దగ్గర అంత నీరు ఎప్పుడూ చూడలేదు. ఏమనుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు, పోయి రెండు చేతులూ తొండం కింద పెట్టినాను. నీళ్ళు నా చేతుల్ని కిందికి తోసేసినాయి. నగినాను. ఆ నగు నోట్లో ఉండగానే వీపు మీద చర్నాకోల పడింది.

"తప్పయింది సామీ, చిన్నోడు, తెలీక..." అని నాయన వంగిపోయినాడు. ఆసామి కపిల ఆపించి తొట్టిలో నీళ్ళన్నీ పారబోయించినాడు. మళ్ళీ రెండు బానలు తోడి తొట్టి కడిగించినాడు. తొండం మాత్రం విప్పలేదు. అది మా నాయన నిన్న రాత్రి దాకా తొడలమీద పెట్టుకొని కుట్టినది. తోలుకు మైల లేదు. తోలు కుట్టిన చేతికి, ఆ చేతి కొడుకుకు ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి నడివీధి దాటాలి. నడివీధి రాగానే నాయన చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. ఆ చెప్పులు కూడా ఆయన కుట్టుకున్నవే. వీధి దాటి మా గేరి మొదట్లో తొడుక్కున్నాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొంత దూరం పోయినాక వెనక్కి తిరగకుండానే అడిగినాడు.

"నీల్లు సల్లగుండెనా రా?"

నేను జవాబు చెప్పలేదు. వీపు మండుతా ఉండింది. నాయన మీద కోపంగా ఉండింది. ఆయన ఎందుకు వంగినాడు అని కోపం.

కొన్నేండ్లకు ఊర్లోకి కరెంటు మోటార్లు వచ్చినాయి. కపిలలు ఒకటొకటి ఆగిపోయినాయి. తొండాలు అడిగేవాడు లేడు, మేర పెట్టేవాడూ లేడు. నాయన పత్తి మిల్లులో బేళ్ళు మోసేదానికి ఆదోనికి పోయినాడు. నేను హాస్టల్లో చదువుకొని టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను. 1985లో కారంచేడు జరిగినాక మా జిల్లాలో కూడా మీటింగులు మొదలైనాయి. నేను పోయేవాణ్ణి, మాట్లాడేవాణ్ణి. ప్రతి ఏప్రిల్ 14నా నా ఉపన్యాసం ఒకటే. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు చేత్తో ముట్టి తాగిన కథ. జంతువులు తాగే చెరువులో మనిషి తాగితే మైల పడిందని కుండలకొద్దీ పంచగవ్యం పోసి శుద్ధి చేసుకున్న కథ. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. మా ఆసామి తొట్టి కడిగించిన కథ మాత్రం నేను ఏ మీటింగులోనూ చెప్పలేదు. మహద్ గురించి చెప్పడం గౌరవం. మా నాయన వంగింది చెప్పడం సిగ్గు. నా లోపల ఆ రెండూ వేరు వేరు అరల్లో ఉండేవి.

నాయన 1998లో పోయినాడు. ఆ ప్రశ్నకు జవాబు తీసుకోకుండానే పోయినాడు.

నా బిడ్డ ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో కంపెనీలో చేరింది. ఆ కంపెనీ ఆమెను రెండేండ్ల ఒప్పందం మీద మారిషస్ పంపింది. 2019 మార్చిలో మూడు వారాలు ఉండి పొమ్మని నాకు టికెట్ తీసింది. నేను విమానం ఎక్కడం అదే మొదలు. మా తమ్ముడు, మరదలు, పిల్లలు ఆ నెలలో గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపే సుగ్గికి పోయి ఉన్నారు. మా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో పంట పోయిన ఏడాది ఊర్లకు ఊర్లు తాళాలేసి సుగ్గికి పోతాయి. ముసలోళ్ళు, కుక్కలు మిగులుతాయి. ఒక అన్న విమానంలో, ఒక తమ్ముడు లారీలో. ఇద్దరమూ ఊరు విడిచిన దినాలవి.

ఎయిర్‌పోర్టు నుంచి కారులో పోతుండగానే బిడ్డ చెప్పింది. "నాన్నా, ఇక్కడ మన తెలుగువాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు, మంచివాళ్ళే. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. మనమూ ఏమీ చెప్పొద్దు." నాకు అర్థమైంది. సరే అన్నాను.

కానీ అడిగినారు. మొదటి ఆదివారమే ఆమెతో పనిచేసే ఒకాయన ఇంట్లో భోజనం. మర్యాదస్తులు, వడ్డించి మరీ పెట్టినారు. పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి ఆయన అడిగినాడు, "మీ నాన్నగారు ఏం చేసేవారండీ?"

"లెదర్ బిజినెస్" అన్నాను.

"ఆదోని అంటే మరి సెకండ్ బాంబే కదండీ, పెద్ద వ్యాపారమే అయి ఉంటుంది" అన్నాడు. నేను తల ఊపినాను. నా బిడ్డ తట్టలోంచి తల ఎత్తలేదు. ముప్పై ఏండ్లు మహద్ గురించి ఉపన్యాసం చెప్పినవాడు ఒక పెరుగన్నం ముందర రెండు ఇంగ్లీషు మాటల్లో నాయనను మాయం చేసినాడు. అది అబద్ధమని కూడా అనలేరు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ దీవి గురించి కొంచెం చెప్పాలి. మారిషస్ దీవి 1,865 చదరపు కిలోమీటర్లు. మా పాత కర్నూలు జిల్లాలో దాదాపు పదో వంతు. సముద్రం అడుగున అగ్నిపర్వతాలు పగిలి, లావా పేరుకొని పేరుకొని 80 లక్షల ఏండ్ల కింద పైకి తేలిన నేల. మా ఆదోని గుండ్లు 250 కోట్ల ఏండ్ల నాటివి. వాళ్ళ రాయి మా రాయి ముందర నిన్న పుట్టిన బిడ్డ. కానీ ఆ బిడ్డకు ఉన్నన్ని నీళ్ళు మా ముసలి రాయికి లేవు. నడుమ ఉన్న ఎత్తు ప్రాంతంలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది.

చెరకు చేన్ల నడుమ నల్లరాళ్ళు గోపురాల మాదిరి పేర్చి ఉంటాయి. ఏందని అడిగితే చేను సాగు చేయడానికి కూలీలు ఏరిపోసిన రాళ్ళు అన్నారు. 1834 నుంచి 1920 వరకు ఇండియా నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మందికి పైగా కూలి ఒప్పందం మీద ఆ దీవికి పోయినారు. పోర్ట్ లూయిస్‌లో వాళ్ళు దిగి ఎక్కిన పదహారు రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసి ఘాట్ అంటారు, 2006లో యునెస్కో గుర్తించింది. మగవాడికి నెలకు ఐదు రూపాయలు. ఒక దినం పనికి రాకపోతే రెండు దినాల కూలి కోత. ఆ రాళ్ళు ఎత్తితే కింద బంగారం ఉంటుందని చెప్పి ఓడ ఎక్కించినారని అక్కడ ముసలివాళ్ళు చెప్పుకుంటారు. నాకు తుగ్గలి, జొన్నగిరి గుర్తుకొచ్చినాయి. తొలకరి పడగానే మావాళ్ళు కూలి మానుకొని ఆ ఎర్ర చేన్లల్లో వజ్రాల కోసం వంగి వంగి రాళ్ళు తిప్పుతారు. రాయి కింద ఏదో ఉందని చెప్పేవాడు ఎప్పుడూ రాయి ఎత్తడు.

తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అనేవాళ్ళు, కోరంగి రేవు నుంచి ఓడలు కదిలినందుకు. ఎక్కువమంది విశాఖ, గంజాం దిక్కువాళ్ళు. 1876-78 ధాత కరువులో మా ఆదోని, అప్పటి బళ్ళారి జిల్లా, శవాల దిబ్బ అయింది. కరువు పనిలో కూలికి దినానికి ఒక పౌను గింజలు చాలని లెక్క కట్టిన ప్రభుత్వం అది. అప్పుడు మావాళ్ళు ఎవరైనా మద్రాసు దాకా నడిచి ఓడ ఎక్కినారో లేదో చెప్పే కాగితం మా ఇంట్లో లేదు. మాకు కాగితాలు లేవు. మేర కూడా నోటిమాటే కదా.

రెండో ఆదివారం అందరూ కలిసి జలపాతాల దారి నడుద్దామన్నారు. టామరిండ్ ఫాల్స్. చింతపండు పేరు పెట్టుకున్న జలపాతం. ఏడు జలపాతాలు అని కూడా అంటారు, ఒకే ఏరు ఒక మెట్టు మీదినుంచి ఇంకో మెట్టుకు దూకుతూ మొత్తం 293 మీటర్లు దిగుతుంది. హెన్రియెట్టా అనే ఊరి దగ్గర చెరకు చేన్ల పక్క నుంచి దారి మొదలైంది. దారి చూపేదానికి ఒక పిల్లోడు వచ్చినాడు, ముప్పై ఏండ్లు ఉంటాయేమో. తెలుగువాళ్ళ సంతతే. మాట్లాడేది క్రియోల్. బళ్ళో తెలుగు ఒక సబ్జెక్టుగా చదివినాడంట, అ ఆలు చదువుతాడు, "బాగున్నారా" అంటాడు, అంతకు మించి రాదు. నా బిడ్డ ఇంగ్లీషులో అడిగి నాకు చెప్తా వచ్చింది.

మా కోస్తా ఆయన అతని ఇంటిపేరు అడిగినాడు. అక్కడ ఇంటిపేర్లు అప్పడు, రామసామి, సన్యాసి ఇట్లా ఉంటాయి. ఓడ దిగినప్పుడు గుమాస్తా రాసుకున్న పేరే తరతరాలకు ఇంటిపేరు అయిపోయింది. మన ఇంటిపేర్లు అక్కడికి పోలేదు. "అయితే మీరు ఏ వాళ్ళో ఎట్లా తెలుస్తుంది?" అని మా ఆయన నవ్వుతా అడిగినాడు. పిల్లోడు నవ్వలేదు. "ఓటు అడిగేవాళ్ళకు తెలుస్తుంది, పెండ్లి సంబంధం చూసేవాళ్ళకు తెలుస్తుంది" అన్నాడు.

సముద్రం దాటితే కులం కరిగిపోతుందని మనలో కొందరు అనుకుంటారు. అంత సులభం కాదు. భోజ్‌పురి హిందువుల్లో మన చమార్ అన్నలు అక్కడ రవివేద్ అని పేరు పెట్టుకొని తమ సంఘం తాము కట్టుకోవాల్సి వచ్చింది. ఓడలో అందరూ ఒక కుండలోనిదే తిన్నారు, ఒక పీపాలోని నీళ్ళే తాగినారు. నేల దొరికినాక, నాలుగు దుడ్లు చేరినాక, మళ్ళీ లెక్కలు తీసినారు.

దారి కిందికి దిగినకొద్దీ అడవి చిక్కబడింది. చైనా జామ పొదలు, ఎర్రటి చిన్న కాయలు. ఎర్ర బురద, అడ్డం పాకిన వేర్లు. నా మోకాళ్ళు మొరాయించినాయి. పిల్లోడు ఒక కట్టె విరిచి ఇచ్చినాడు. ఈ కొండ కోనల్లోనే పాత రోజుల్లో పారిపోయిన ఆఫ్రికా బానిసలు దాక్కునేవాళ్ళని చెప్పినాడు. ఇట్లా ఊరికే నడవడం, చూడటానికి నడవడం, నాకు కొత్త. మాయమ్మ కోసుల దూరం నడిచింది నీళ్ళకు. నాయన నడిచింది చచ్చిన గొడ్డుకు. తమ్ముడు నడుస్తున్నది కూలికి. మా ఇంట్లో సంతోషానికి నడిచిన మొదటివాణ్ణి నేను. చెప్పుకోవడానికి కూడా బెరుకుగా ఉండింది.

ఒకచోట ఏరు దాటాలి. రాళ్ళు జారుతాయి, బూట్లు విప్పండి అన్నాడు. అందరూ విప్పినారు. నేనూ విప్పి చేత పట్టుకున్నాను. నడుమ ఏటిలో నిలబడినాక చూసుకున్నాను. చేతిలో చెప్పులు, వంగిన నడుము. మా నడివీధిలో మా నాయన ఇట్లాగే ఉన్నాడు. ఆ నీళ్ళల్లో కాళ్ళు ఆడలేదు. పిల్లోడు భయపడినానని అనుకొని చెయ్యి ఇచ్చినాడు.

మూడో జలపాతం కింద పెద్ద మడుగు. నల్లరాయి నిలువుగా స్తంభాల మాదిరి చీలి ఉంది, దాని మీదినుంచి నీళ్ళు దూకుతున్నాయి. ఆదివారం కాబట్టి జనం ఉన్నారు. క్రియోల్ కుటుంబం ఒకటి పిల్లలతో మునుగుతోంది. ఎర్ర తోలు ఫ్రెంచివాళ్ళు ఇద్దరు ఈదుతున్నారు. మా ఆయన, ఆయన భార్య కాళ్ళు పెట్టుకొని కూచున్నారు. ఒకే మడుగు. ఎగువ ఎవరు, దిగువ ఎవరు అని ఎవరూ చూడటం లేదు. మా ఊరి కుంటలో మావాళ్ళ రేవు బర్రెల రేవుకు దిగువన ఉండేది.

నేను పంచె ఎగ్గట్టి, నీళ్ళు పడే రాయి పక్కకు పోయినాను. రెండు చేతులూ పెట్టినాను. నీళ్ళు చేతుల్ని కిందికి తోసేసినాయి. యాభై ఏండ్ల కిందటి తోపు అదే. ఆ దెబ్బ కోసం నా వీపు తనంతట తానే బిగుసుకుంది. పడలేదు. పైనుంచే పోస్తున్నాయి నీళ్ళు, కానీ పైన ఎవరి చెయ్యీ లేదు.

"సల్లగుండాయి నాయనా" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

"ఏమంటున్నావు నాన్నా?" అని బిడ్డ దగ్గరికి వచ్చింది. పిల్లోడు కూడా ఏమన్నాడని అడిగినాడు. ఆమె నా మొగం చూసింది. చెప్పొద్దు అన్నట్టే చూసింది. నేను చెప్పినాను. మడుగు గట్టున కూచొని, కపిల గురించి, తొండం గురించి, లంద గురించి, తొట్టి కడిగించిన దాని గురించి, చెప్పులు చేత పట్టుకున్న దాని గురించి, మా నాయన అడిగిన మాట గురించి. మాది మాదిగేరి అని చెప్పినాను. లెదర్ బిజినెస్ అని నేను ఆ దినం చెప్పింది ఇదే అని కూడా చెప్పినాను. బిడ్డ కొంత దూరం ఇంగ్లీషు చేసి పిల్లోడికి చెప్పింది. తర్వాత ఆమె గొంతు ఆగిపోయింది. మిగిలింది పిల్లోడు నా చేతులు చూసి అర్థం చేసుకున్నాడు.

"మా ముత్తాత చెరకు నరికినాడని తెలుసు, దానికి ముందు ఏం చేసినాడో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు" అన్నాడు అతను. "మా అవ్వను అడిగితే వేరే మాట ఎత్తేది." కొంతసేపటికి, "మీరు చెప్పినారు" అన్నాడు. అంతే.

మా కోస్తా ఆయన చానాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడివన్నీ ఎందుకండీ, ఎంత మంచి చోటుకు వచ్చాం" అన్నాడు. చెడ్డ మాట కాదు. దిగేటప్పుడు అందరమూ ఒకే సీసా నీళ్ళు తాగుతూ వచ్చినాము. ఎక్కేటప్పుడు నేను తాగి సీసా ఇవ్వబోతే ఆయన భార్య "పర్లేదండీ, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నది. పెద్దాయన, దప్పికవుతుందని అన్నదేమో. అయి ఉండొచ్చు. కానీ మావాళ్ళకు ఈ ఒక్క లెక్కలో మాత్రం తప్పు పోదు. సీసా చివరిదాకా నా దగ్గరే ఉండింది.

బిడ్డ పైకి ఎక్కినంతసేపూ నాకు ముందర ముందరే నడిచింది. రాత్రి అన్నం పెట్టి, ఎదురుగా కూచొని అన్నది: "నాన్నా, నువ్వు ఇంకో పది దినాలు ఉండి పోతావు. నేను ఇంకా ఏడాదిన్నర వాళ్ళ మధ్యనే పని చెయ్యాల. నీకు బరువు దిగింది. నాకు ఎక్కింది."

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. ఆమె అన్నది నిజం. బడిలో నా పక్కన ఎవరూ కూచోకపోతే నాకు పోయింది బెంచీ. ఆమెకు పోయేది ఉద్యోగం, అప్పుల వాయిదాలు, ఊర్లో చిన్నాయన పిల్లల ఫీజులు. నిజం చెప్పడానికి కూడా తాహతు కావాలి. పింఛను వచ్చేవాడు ధైర్యంగా మాట్లాడటం సులభం. నేను ఆమెను అడగకుండా ఆమె నీళ్ళల్లో చెయ్యి పెట్టినాను. ఈ మాట ఇక్కడ రాయకపోతే నా కథ మళ్ళీ లెదర్ బిజినెస్ అవుతుంది.

ఆమె నాలుగు దినాలు సరిగా మాట్లాడలేదు. ఐదో దినం రాత్రి లాప్‌టాప్ మూసి, "ఆ తొండం ఎట్లుంటాది నాన్నా? నేను చూడనే లేదు" అన్నది. ఫోటో కోసం వెతికింది, సరైనది దొరకలేదు. నేను కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసినాను. ఇది బాన, ఇది తొండం, ఇక్కడ వార, ఇక్కడ రెండు వరసల కుట్టు, ఈ కుట్టు నీరు కారకుండా ఆరెతో ఎట్లా పొడవాలంటే, అని చెప్తా పోయినాను. మా నాయన దగ్గర నేను పని నేర్చుకోలేదు. ఏవగించుకున్నాను. కానీ నా చేతికి అంతా గుర్తుంది. ఆమె ఇంజనీరు కదా, సన్నతాడు పొడుగు మోకు పొడుగు కంటే ఎంత తక్కువ ఉంటే తొండం సరిగ్గా గట్టు దగ్గర తెరుచుకుంటుందో లెక్క వేసింది. "తాతకు ఈ లెక్క ఎవరు చెప్పినారు?" అన్నది. "ఎవరూ చెప్పలేదు" అన్నాను.

ఉగాదికి ముందు దినం ఊరికి వచ్చినాను. తమ్మునివాళ్ళూ అదే వారం సుగ్గి నుంచి దిగినారు. మిరప ఘాటుకు మరదలి వేళ్ళు పొక్కిపోయి ఉన్నాయి. పండగ దినం నేను ఒక్కణ్ణే ఆ కపిల బావి దగ్గరికి పోయినాను. దూలాలు లేవు. బావిలో కంపచెట్లు మొలిచినాయి. రాతి తొట్టి పగిలి సగం మట్టిలో ఉంది. కడిగించుకున్న తొట్టి. దాంట్లో ఇప్పుడు బల్లులు కాపురం ఉన్నాయి.

నా బిడ్డ ఆఫీసులో తన గురించి చెప్పుకుందో లేదో నేను అడగలేదు. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆమె తేల్చుకోవలసిన మాట. కరెంటు బిల్లు మీది బొమ్మ ఆమె గోడకు అంటించుకున్నదని ఫోన్లో చెప్పింది. ఎవరైనా అడిగితే ఏం చెప్తావు అన్నాను.

"మా తాత చేసిన మిషను అని చెప్తాను" అన్నది. "మిగతాది వాళ్ళు అడిగేదాన్ని బట్టి."

ఈ ఏడాది ఏప్రిల్ 14న నేను మహద్ గురించి చెప్పినాక ఆపలేదు. మా ఆసామి బావి గురించి చెప్పినాను. చప్పట్లు తక్కువ పడినాయి. మీటింగయినాక ఒక హాస్టల్ పిల్లోడు వచ్చి నిలబడినాడు. వాళ్ళ నాయన కూడా తోలు పనేనంట. ఎవరికీ చెప్పలేదంట. ఏమైనా అడుగుతాడేమో అనుకున్నాను. ఏమీ అడగలేదు. కొంచెంసేపు నిలబడి పోయినాడు.